రింగ్ అవుతుంది, మాట రాదు: వాట్సాప్ కాల్ ఎక్కడ ఆగిపోతోంది?

క్లుప్తంగా: చాట్ యాప్‌లో మెసేజ్ వెళ్లే దారి వేరు, మాట వెళ్లే దారి వేరు. అందుకే మెసేజ్‌లు టకటకా వెళ్తున్నా కాల్ కలవకపోవచ్చు. కాల్ ఏ దశలో ఆగిందో గమనిస్తే, లోపం అవతలి ఫోన్‌లో ఉందా, మధ్యలోని నెట్‌వర్క్‌లో ఉందా, ఆ దేశపు నిబంధనల్లో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం చివరి మందు. ఎక్కువమంది దాన్నే ముందు వాడుతున్నారు.

జగిత్యాలలో ఉన్న తల్లి దుబాయ్‌లో ఉన్న కొడుకుకు వాట్సాప్‌లో ఫొటో పంపితే క్షణంలో చేరుతుంది. వాయిస్ మెసేజ్ కూడా చేరుతుంది. అదే నంబరుకు కాల్ చేస్తే రింగ్ అవుతుంది, అవతల ఎత్తుతారు, ఆ తర్వాత తెర మీద 'కనెక్టింగ్' అన్న మాట కదలకుండా నిలబడిపోతుంది. హైదరాబాద్‌లో ఆఫీసు వైఫై మీద ఉన్న ఉద్యోగికి ఇంటి నుంచి కాల్ వచ్చినా ఒక్కోసారి ఇదే జరుగుతుంది. ఇద్దరి తెర మీదా ఒకే మాట కనిపిస్తుంది. మొదటిదానికి కారణం ఒక దేశపు చట్టం, రెండోదానికి ఒక ఆఫీసు నెట్‌వర్క్‌లోని సెట్టింగ్. తేడా తెలియనివాళ్లు ఇద్దరూ చేసేది ఒకటే: ఫోన్ ఆపి ఆన్ చేయడం.

## ఒకే యాప్, రెండు దారులు

వాట్సాప్‌లోకి వాయిస్ కాల్స్ 2015లో, వీడియో కాల్స్ 2016 నవంబరులో వచ్చాయి. అప్పటికే మెసేజ్‌ల కోసం గట్టి దారి ఒకటి ఉంది. ప్రతి ఫోనూ కంపెనీ సర్వర్‌తో ఒక లైను తెరిచి ఉంచుకుంటుంది. పంపినవారి మెసేజ్ ముందు సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి అవతలి ఫోన్‌కు వెళ్తుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే సర్వర్ దగ్గరే ఆగి ఉంటుంది. రెండు సెకన్లు ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు.

మాటకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి కాల్ రెండు భాగాలుగా నడుస్తుంది. 'ఫలానావారు పిలుస్తున్నారు', 'ఎత్తారు', 'పెట్టేశారు' అనే కబుర్లు మెసేజ్‌ల దారినే వెళ్తాయి. అసలు మాటల కోసం మాత్రం రెండు ఫోన్లూ అప్పటికప్పుడు కొత్త దారి వెతుక్కుంటాయి. వీలైతే నేరుగా ఒకదానితో ఒకటి, వీలు కాకపోతే మధ్యలో ఒక రిలే సర్వర్ ద్వారా, అంటే ఒకరి మాటను అందుకుని రెండోవారికి పంపే కంప్యూటర్ ద్వారా.

ఈ రెండు దారుల్లో రవాణా పద్ధతి కూడా వేరు. మెసేజ్ వెళ్లేది టీసీపీ మీద. అది రిజిస్టర్డ్ పోస్టు లాంటిది: అందినట్టు రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. మాట సాధారణంగా యూడీపీ మీద వెళ్తుంది. అందులో రసీదులు లేవు, దారిలో పోయిన ముక్క పోయినట్టే. వినడానికి ఇదేదో నాసిరకం పద్ధతిలా ఉంటుంది కానీ మాటకు కావలసింది అదే. రెండు సెకన్ల కిందటి 'హలో'ను తిరిగి తెప్పించుకుని ఎవరికి లాభం? అయితే కొన్ని ఆఫీసులు, కాలేజీలు, హోటళ్లు తమ వైఫైలో వెబ్ పేజీలకు కావలసిన దారులు వదిలి, యూడీపీని మూసేస్తాయి. అక్కడ చాటింగ్ హాయిగా సాగుతుంది, కాల్ మాత్రం కలవదు.

## తెర మీది నాలుగు మాటలు

కాల్ నొక్కగానే కనిపించే మాటలను చాలామంది చదవరు. సమస్యను పట్టుకోవడానికి వాటిని మించిన ఆధారం లేదు.

'కాలింగ్' అని మాత్రమే ఉంటే, పిలుపు ఇంకా అవతలి ఫోన్‌ను చేరలేదు. అక్కడ నెట్ ఆపి ఉండొచ్చు, ఫోన్ స్విచ్చాఫ్ అయి ఉండొచ్చు, యాప్ నిద్రలో ఉండొచ్చు. అది 'రింగింగ్'గా మారితే కబురు చేరినట్టే, అంటే రెండువైపులా సర్వర్‌తో లైను బాగానే ఉంది. ఎత్తిన తర్వాత 'కనెక్టింగ్' దగ్గర ఆగితే మాట కోసం దారి దొరకలేదని అర్థం. కాసేపు మాట్లాడాక 'రీకనెక్టింగ్' వస్తే, దొరికిన దారి మధ్యలో తెగింది. ఇంటి వైఫై పరిధి దాటి వీధిలోకి వెళ్లి, ఫోన్ మొబైల్ డేటాకు మారిన క్షణంలో తరచూ కనిపించేది ఇదే. నెట్‌వర్క్ మారగానే ఫోన్ ఐపీ చిరునామా, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే నంబరు, మారుతుంది. పాత చిరునామాకు వస్తున్న మాటలు అక్కడే ఆగిపోతాయి, యాప్ కొత్త దారిని వెతకాల్సి వస్తుంది.

సర్వర్లే పడిపోయే సందర్భాలు అరుదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. 2022 అక్టోబరు 25న వాట్సాప్ దాదాపు రెండు గంటలు పనిచేయలేదు. ఆ రోజుల్లో మెసేజ్‌లు కూడా కదల్లేదు. మెసేజ్‌లు వెళ్తూ కాల్ మాత్రమే ఆగితే, 'వాట్సాప్ డౌన్' అన్న అనుమానాన్ని చాలావరకు పక్కన పెట్టొచ్చు.

## నిద్రపోయిన ఫోన్

'నీకు పది సార్లు చేశాను, ఎత్తలేదు' అని ఒకరు, 'నా ఫోన్ మోగనే లేదు' అని మరొకరు. ఈ తగాదాలో తరచూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌ను నిద్రపుచ్చే 'డోజ్' అనే ఏర్పాటు ఉంది. బ్యాటరీ ఆదా కోసం యాప్‌లకు నెట్ అందకుండా చేస్తుంది. కాల్ లాంటి అత్యవసరాల కోసం గూగుల్ ఒక ప్రత్యేక దారి ఉంచింది. సర్వర్ నుంచి అధిక ప్రాధాన్యం ఉన్న కబురు వస్తే ఫోన్ మేలుకుని మోగాలి. చిక్కేమిటంటే, కొన్ని ఫోన్ల కంపెనీలు దీని మీద తమ సొంత బ్యాటరీ నియమాలు కూడా పెడతాయి. రీసెంట్ యాప్స్‌లోంచి యాప్‌ను పక్కకు తోసేస్తే దాన్ని పూర్తిగా ఆపేసే ఫోన్లు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో 'ఫోర్స్ స్టాప్' నొక్కితే మాత్రం ఏ ఫోన్‌లోనైనా, యాప్‌ను మళ్లీ తెరిచేదాకా కాల్ కబురు అందదు.

దీని ఆనవాలు స్పష్టంగానే ఉంటుంది. యాప్ తెరవగానే మిస్డ్ కాల్స్ అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అలా జరుగుతుంటే ఆ యాప్‌కు బ్యాటరీ విషయంలో 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఇవ్వాలి, 'ఆటోస్టార్ట్' ఉన్న ఫోన్లలో దాన్ని ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు కూడా యాప్ విడిగా అనుమతి అడుగుతోంది. కొత్త ఫోన్ కొన్న రోజున ఏదో అడిగిందని 'డోంట్ అలౌ' నొక్కేసిన పెద్దవాళ్ల ఫోన్లలో సమస్య తరచూ ఇక్కడే ఉంటుంది.

2023 జూన్‌లో వాట్సాప్ తెచ్చిన 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' మరో మెలిక. అది ఆన్‌లో ఉంటే, కాంటాక్ట్స్‌లో లేని నంబరు నుంచి వచ్చిన కాల్ జాబితాలో కనిపిస్తుంది గానీ మోగదు. అమెరికా వెళ్లి కొత్త నంబరు తీసుకున్న కూతురు చేసిన మొదటి కాల్ ఇలా ఊరికే పోయే అవకాశం ఉంది.

## గేటు, వాచ్‌మన్, ఐపీ చిరునామా

'కనెక్టింగ్' దగ్గర ఆగిపోయే కాల్స్ వెనక పెద్ద కథే ఉంది. నేటి ఇంటర్నెట్‌కు పునాది అయిన ఐపీవీ4 పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచ స్థాయిలో పంచడానికి ఉంచిన చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. ఫోన్ల సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంది. దాంతో ఒకే బయటి చిరునామాను చాలామందికి కలిపి వాడే ఏర్పాటు మామూలైపోయింది. దాని పేరు నాట్. ఇంట్లో రౌటర్ చేసేదీ అదే. మొబైల్ కంపెనీలు, చాలా బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు తమ స్థాయిలో దాన్నే మళ్లీ ఒకసారి చేస్తాయి.

గేటెడ్ కమ్యూనిటీని ఊహించుకుంటే విషయం తేలికవుతుంది. బయటి లోకానికి తెలిసేది గేటు చిరునామా ఒక్కటే. లోపలివారు ఎవరికైనా పార్సెల్ పంపితే వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసుకుంటాడు, జవాబు వస్తే ఆ ఫ్లాట్‌కు చేరుస్తాడు. ఎవరూ అడగకుండా వచ్చిన పార్సెల్‌ను తిప్పి పంపేస్తాడు. మెసేజ్‌లకు దీనితో ఇబ్బంది లేదు, ఎందుకంటే సర్వర్‌తో మాట మొదలుపెట్టేది ఎప్పుడూ లోపలి ఫోనే. కాల్‌లో మాత్రం రెండు ఫోన్లూ చెరో గేటు వెనక ఉంటాయి. ఇద్దరికీ రెండోవారి పార్సెల్ 'అడగకుండా వచ్చిందే'.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం బాగుంటుంది. ముందు ప్రతి ఫోనూ బయట ఉన్న స్టన్ అనే సర్వర్‌ను అడుగుతుంది: 'నా పార్సెల్ మీద నీకు ఏ గేటు, ఏ నంబరు కనిపిస్తోంది?' ఆ జవాబును మెసేజ్‌ల దారిలో అవతలి ఫోన్‌కు చెబుతుంది. తర్వాత రెండు ఫోన్లూ దాదాపు ఒకేసారి ఒకదానికొకటి పార్సెల్ పంపుకుంటాయి. ఇద్దరు వాచ్‌మన్‌లూ 'మనవాళ్లే ముందు పంపారు' అని రాసుకుంటారు కాబట్టి ఎదుటి నుంచి వచ్చేదాన్ని లోపలికి వదిలేస్తారు.

కొన్ని నెట్‌వర్క్‌లలో వాచ్‌మన్ మరీ జాగ్రత్తపరుడు. ఒక్కొక్క గమ్యానికి ఒక్కొక్క నంబరు వేస్తాడు. స్టన్ సర్వర్‌కు కనిపించిన నంబరు అవతలి ఫోన్‌కు పనికిరాదు. రెండువైపులా అలాంటివారే ఉంటే నేరు దారి దాదాపు అసాధ్యం. అప్పుడు టర్న్ అనే రిలే సర్వర్ మధ్యవర్తిగా నిలబడుతుంది, ఇద్దరూ దానికే పంపుతారు. దారి కాస్త చుట్టు అవుతుంది, కాల్ మాత్రం కలుస్తుంది. ఆ రిలేకు వెళ్లే దారిని కూడా ఆఫీసు ఫైర్‌వాలో (నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఏర్పాటు), టెలికాం సంస్థో మూసేస్తే ఇక మిగిలేది 'కనెక్టింగ్' అన్న మాటే.

2016 సెప్టెంబరులో మొదలైన జియో నెట్‌వర్క్ తొలినుంచీ ఐపీవీ6 అనే కొత్త చిరునామాల పద్ధతిని విస్తృతంగా వాడుతోంది. ఆ పద్ధతిలో చిరునామాలకు కొరత లేదు, ఫోన్లు గేటు పంచుకోనక్కర్లేదు. కాకపోతే రెండువైపులా ఐపీవీ6 ఉంటేనే ఆ లాభం. ఒకవైపు పాత రౌటర్ ఉంటే మధ్యలో ఒక పద్ధతి చిరునామాను రెండో పద్ధతికి మార్చక తప్పదు.

మాట మొదలై, నాణ్యత మాత్రం బాగా లేకపోతే వాట్సాప్‌లో ఒక సెట్టింగ్ మార్చి చూడొచ్చు. 2023 నవంబరులో వచ్చిన 'ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్' ఆన్ చేస్తే కాల్స్ అన్నీ కంపెనీ సర్వర్ల మీదుగా వెళ్తాయి. అది గోప్యత కోసం పెట్టింది. నేరు దారి అధ్వానంగా ఉన్నచోట రిలే దారి ఒక్కోసారి మెరుగ్గా ఉంటుంది. ఎక్కువసార్లు నాణ్యత కొంచెం తగ్గుతుందన్నది కూడా నిజమే. గ్రూప్ కాల్స్ ఎలాగూ సర్వర్ మీదుగానే నడుస్తాయి.

## స్పీడు ఉంది, మాట తెగుతోంది

'స్పీడ్ టెస్ట్‌లో 40 ఎంబీపీఎస్ చూపిస్తోంది, మాట మాత్రం కట్ కట్‌గా వస్తోంది' అనే ఫిర్యాదుకు జవాబు చిన్న లెక్కలో ఉంది. ఇంటర్నెట్ కాల్స్‌లో ఎక్కువగా వాడే ఓపస్ అనే కోడెక్ (మాటను డేటాగా కుదించే పద్ధతి), మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. అంటే సెకనుకు 50 ముక్కలు. మాటను సెకనుకు 24 కిలోబిట్లకు కుదిస్తే ఒక్కో ముక్క 60 బైట్లు. దాని మీద చిరునామాలూ వరస నంబర్లూ ఉన్న కవరు మరో 40 బైట్లు. లోపలి ఉత్తరం బరువుతో పోలిస్తే కవరు బరువు మూడింట రెండొంతులు! మొత్తం కలిపినా సెకనుకు 40 కిలోబిట్లు. 40 ఎంబీపీఎస్ లైనులో అది వెయ్యో వంతు.

కాబట్టి మాటకు కావలసింది వెడల్పు కాదు, నిలకడ. 50 ముక్కలూ సమాన విరామంతో రావాలి. పది ముక్కలు ఆగి ఆగి ఒకేసారి వచ్చి పడితే, అన్నీ అందినా మాట మింగేసినట్టు వినిపిస్తుంది. ఈ ఒడుదొడుకులను సర్దడానికి యాప్ కొన్ని ముక్కలను కాసేపు నిల్వ ఉంచుకుంటుంది. నిల్వ పెంచితే మాట నున్నగా వస్తుంది కానీ ఆలస్యం పెరుగుతుంది. ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా ఉంటుందని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కేబుల్ తిన్నగా వేసినా 65 మిల్లీసెకన్లు అక్కడే అయిపోతాయి. 'చెప్పు... లేదు లేదు, నువ్వే చెప్పు' అని ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఆగిపోయే అమెరికా కాల్స్‌లో కొంత తప్పు భూగోళానిదే.

ఇంట్లో ఎక్కువగా నిలకడను చెడగొట్టేది అప్‌లోడ్. ఒకరు కాల్‌లో ఉండగా మరొకరి ఫోన్ పెళ్లి వీడియోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే, రౌటర్ దగ్గర క్యూ కట్టిన డేటా వెనక మాట ముక్కలు నిలబడాల్సి వస్తుంది. వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్ మీద ఉంటే బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్క ఫ్లాట్ల రౌటర్లు అన్నీ అదే గాలిని పంచుకుంటాయి. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని 5 గిగాహెర్ట్‌జ్‌కు మారితే తేడా తెలుస్తుంది.

మామూలు ఫోన్ కాల్ చక్కగా ఉండి వాట్సాప్ కాల్ తెగితే 'సిగ్నల్ ఫుల్లుగా ఉంది కదా' అని ఆశ్చర్యపోనక్కర్లేదు. 4జీ మీద నడిచే మామూలు కాల్‌కు, అంటే వోల్టీకి, నెట్‌వర్క్ విడిగా ఒక వరస కేటాయిస్తుంది. దానికి కనీస వేగం హామీ ఉంటుంది. యాప్ కాల్ మాత్రం మామూలు డేటా వరసలో, రీల్స్, డౌన్‌లోడ్లతో కలిసి నిలబడుతుంది. ఫోన్ మీది గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి, టవర్ దగ్గర ఎంతమంది క్యూలో ఉన్నారో చెప్పవు. జాతరలో, క్రికెట్ స్టేడియంలో గీతలన్నీ నిండుగా ఉండి కూడా యాప్ కాల్ తెగడం ఇందుకే.

## ఒకవైపే వినిపిస్తే

కాల్ కలిసి, ఒకరి మాట మాత్రమే వినిపిస్తుంటే ముందు చూడాల్సింది ఎవరి మాట వినపడటం లేదో వారి మైకు. యాప్‌కు మైక్రోఫోన్ అనుమతి ఉందా? ఆండ్రాయిడ్ 12 నుంచి మొత్తం ఫోన్‌కే మైకు ఆపేసే బటన్ క్విక్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, వేలు తగిలి అది ఆగిపోయిందా? ఇయర్‌బడ్స్ కేసు మూత సరిగా పడక, పక్క గదిలో ఉన్న బడ్స్‌కే ఫోన్ కనెక్ట్ అయి ఉండటం మరీ మామూలు. బ్లూటూత్ ఆపి చూస్తే అర నిమిషంలో తేలుతుంది. ఇవేవీ కాకపోతేనే నెట్‌వర్క్ ఒక దిశను అడ్డుతోందని అనుకోవాలి.

## గల్ఫ్‌లో కాల్ కలవకపోవడం లోపం కాదు

యూఏఈలో ఇంటర్నెట్ మీద వాయిస్ కాల్స్ సేవకు టెలికాం నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు అక్కడ వెళ్తాయి, కాల్స్ మాత్రం మామూలుగా కలవవు. ముందు చెప్పిన రెండు దారుల్లో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మూసిన ఫలితం ఇది. అందుకే రింగ్ అవుతుంది, మాట రాదు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి వెళ్లినవారి ఇళ్లలో బోటిమ్ యాప్ కనిపించడానికి కారణం అదే: అది అనుమతి ఉన్న యాప్. పని కాల్స్ కోసం జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివాటికీ అనుమతి ఉంది.

గల్ఫ్ అంతా ఒకే తీరు కాదు. 2017 సెప్టెంబరులో సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని సడలించింది, అయినా అన్ని యాప్‌లకూ ఒకేసారి తలుపు తెరుచుకోలేదు. గల్ఫ్ బయట కూడా ఈ ధోరణి ఉంది. 2025 ఆగస్టులో రష్యా నియంత్రణ సంస్థ వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌పై పరిమితులు పెట్టింది. మోసాలను అరికట్టడానికని కారణం చెప్పింది. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు విద్యార్థుల ఇళ్లకు కూడా ఈ 'కనెక్టింగ్' సమస్య చేరింది.

ఇక్కడ వీపీఎన్, అంటే ఐపీ చిరునామాను మార్చి చూపే యాప్, వేసుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది. యూఏఈ సైబర్ చట్టంలో, నేరం చేయడానికో దాన్ని బయటపడకుండా దాచడానికో ఐపీ చిరునామాను మార్చితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల జరిమానా ఉంది. నెల జీతం మీద బతికే కార్మికుడికి ఉచిత కాల్ కోసం తీసుకోదగ్గ ప్రమాదం కాదది. ఊళ్లో ఉన్నవారు తమ రౌటర్‌నో ఫోన్‌నో మార్చినా ఫలితం ఉండదు. ఇద్దరి దగ్గరా అనుమతి ఉన్న యాప్ ఉండటమే దారి.

## ఒక్కసారి ఒక్కటే మార్చాలి

కాల్ కలవనప్పుడు వైఫై ఆపి, ఫోన్ రీస్టార్ట్ చేసి, యాప్ అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్ మార్చి, అన్నీ ఒకేసారి చేసేస్తే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు, మర్నాడు మళ్లీ మొదటికే వస్తుంది. ముందు వైఫై నుంచి మొబైల్ డేటాకు మాత్రమే మారి చూడాలి. కాల్ కలిస్తే లోపం ఆ వైఫైలో ఉంది. కలవకపోతే మూడో మనిషికి చేయాలి. వారితో కలిస్తే అనుమానం మొదటి మనిషి వైపు తిరుగుతుంది, అప్పుడు నెట్‌వర్క్ మార్చి చూడాల్సింది అవతలివారు. ఇద్దరి మధ్యే మరో యాప్‌లో చేస్తే ఇంకొంత స్పష్టత: రెండు యాప్‌లూ విఫలమైతే నెట్‌వర్క్, ఒకటే విఫలమైతే ఆ యాప్ లేదా దానికిచ్చిన అనుమతులు. ఫోన్‌లో తేదీ, సమయం తప్పుగా ఉంటే సర్వర్‌తో సురక్షిత కనెక్షనే ఏర్పడదు కాబట్టి దాన్ని ఆటోమేటిక్‌లో ఉంచాలి. వాట్సాప్‌లోని 'యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్' సెట్టింగ్ బలహీనమైన నెట్‌లో కాల్ నిలబడటానికి కొంత సాయపడుతుంది.

యాప్ తీసేసి మళ్లీ వేస్తే 'బాగైంది' అని చెప్పేవారూ ఉన్నారు, వారి మాట అబద్ధం కాదు. కొత్తగా వేసినప్పుడు యాప్ మైకు, నోటిఫికేషన్ అనుమతులను మళ్లీ అడుగుతుంది. ఎప్పుడో ఆ యాప్‌కు పెట్టిన బ్యాటరీ ఆంక్ష కూడా పోవచ్చు. బాగుచేసింది అదే. ఆ అనుమతులను సెట్టింగ్స్‌లో నేరుగా మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. బ్యాకప్ చూసుకోకుండా యాప్ తీసేస్తే మాత్రం ఏళ్ల నాటి చాట్లు, పోయినవారి వాయిస్ మెసేజ్‌లు సహా, తిరిగి రావు.